పెరటి గుమ్మానికి వేపమండ

"ఈరన్నే చంపినాడని దోమ సాక్ష్యం చెప్పేసింది మేడం. ఇంక మీరు ఇంటికి పోవచ్చు."

సురేంద్ర చేతిలోని కాగితాన్ని కస్తూరి ముఖం ముందు విసనకర్రలా ఆడించాడు.

మంగళవారం, అక్టోబరు ఏడు. ఉదయం పదకొండూ నలభై. హిందూపురం ఆస్పత్రిలో ఖైదీలను ఉంచే గది బయట ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. లోపల మంచం మీద ఈరన్న ఉన్నాడు. ధర్మవరం నేతగాడు. వెంకటస్వామి హత్య కేసులో ముద్దాయి. గది గుమ్మం పక్కన నేల మీద అతని భార్య సిద్దమ్మ టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రేపు ఉదయం పదిన్నరకు పెనుకొండ కోర్టులో ఈరన్న బెయిలు విచారణ. పది రోజులుగా ఆమె ఆ పదిన్నర కోసమే బతుకుతోంది.

"దోమ ఏం చెప్పిందో నాకూ చెప్పండి సురేంద్ర గారూ," అంది కస్తూరి. "దోమల భాష మీకంటే నాకు కొంచెం ఎక్కువ తెలుసు."

అది ఆమె గొప్పకు అన్న మాట కాదు. డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టకముందు పదమూడేళ్ళు మలేరియా విభాగంలో పనిచేసింది. హిందూపురంలో ఆమెను వెనకాల 'దోమల మేడం' అనే పిలుస్తారు. సురేంద్ర మాత్రం ఎదురుగానే పిలుస్తాడు. అతనిదీ అదే ఊరు, అదే వ్యాపారం. సెక్యూరిటీ ఏజెన్సీ బోర్డు కింద చిన్న అక్షరాల్లో 'రహస్య విచారణలు' అని రాసుకున్నాడు. చనిపోయిన వెంకటస్వామి తరఫువాళ్ళు అతన్ని పెట్టుకున్నారు. సిద్దమ్మ కస్తూరిని పెట్టుకుంది.

"దూరంగా నిలబడండి. నాకు కండ్లకలక," అన్నాడు సురేంద్ర, నల్ల కళ్ళద్దాలు సర్దుకుంటూ. ఆ ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా మణికట్ల దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు. "ఈరన్న రక్తం పరీక్షలో జికా అని వచ్చింది. నిన్న సాయంత్రం రిపోర్టు. ఈ సీజన్‌లో ధర్మవరంలో ఇంకొక్క కేసు లేదు. వీనికెట్లా వచ్చింది? వీడు రైలు కూడా ఎక్కినోడు కాదు. వెంకటస్వామి ఆఫీసుకు మాత్రం కంబోడియా నుంచి వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. ఆడ దోమ కుట్టింది. అంటే ఈరన్న ఆ ఆఫీసుకు పోయినాడు. 'నేను పెనుకొండ ఆఫీసు గడప తొక్కలేదు' అని పోలీసుల ముందర ప్రమాణం చేసినాడు గదా, అది అబద్ధం. రేపు జడ్జిగారికి ఈ ఒక్క కాగితం చాలు."

కేసు ఇదీ. సెప్టెంబరు పది, బుధవారం, మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య పెనుకొండలో ట్రావెల్ ఏజెంటు వెంకటస్వామిని అతని ఆఫీసులోనే ఎవరో ఛార్జరు వైరు మెడకు బిగించి చంపారు. కంప్యూటరు ఉద్యోగాలని చెప్పి అతను కుర్రాళ్ళను కంబోడియాకు పంపేవాడు. అక్కడ వాళ్ళను గోడల మధ్య పెట్టి ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించేవాళ్ళు. ఈరన్న తమ్ముడు అలా పోయి నాలుగు నెలలైంది. మనిషి జాడ లేదు. బస్టాండులో వెంకటస్వామి చొక్కా పట్టుకుని ఈరన్న అరిచిన అరుపు పెనుకొండంతా విన్నది.

హత్య రోజే మాయమైన వెంకటస్వామి ఫోను సెప్టెంబరు ఇరవై అయిదు మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ధర్మవరంలో రెండు నిమిషాలు పలికింది. మరునాడు పోలీసులు వెతికితే ఈరన్న మగ్గం గుంటలో, ప్లాస్టిక్ సంచిలో దొరికింది. ఆ రోజే అరెస్టు. ముప్పయ్యో తేదీన సబ్‌జైలులో జ్వరం.

కస్తూరి కాగితం తీసుకుని తేదీలు చూసింది. నవ్వింది.

"వెంకటస్వామి చచ్చింది పదో తేదీ. ఆ రాత్రే ఆఫీసుకు పోలీసులు సీలు వేశారు. ఈరన్నకు జ్వరం వచ్చింది ముప్పయ్యో తేదీ. ఇరవై రోజులు. దోమ కుట్టాక జికా మూడు రోజులకు రావచ్చు, వారానికి రావచ్చు. మహా అయితే రెండు వారాలు. ఇరవై రోజులు ఒంట్లో దాక్కుని కూర్చోదు. ఇతన్ని దోమ కుట్టింది ఆ ఆఫీసులో కాదు."

"సీలు ఇప్పి పోయింటాడు."

"సీలు చెక్కు చెదరలేదని రాసింది పోలీసులే. వాళ్ళ కాగితం కూడా చదవండప్పా."

సురేంద్ర పెదవి బిగించాడు. చేతిలోని నీళ్ళ సీసా మూత తిప్పబోయాడు. తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించి వేళ్ళు విదిలించుకున్నాడు.

"ఇటివ్వండి," అని కస్తూరి సీసా లాక్కుని మూత తీసి ఇచ్చింది. "సెక్యూరిటీ ఏజెన్సీ మనిషికి సీసా మూత రాకపోతే ఎట్లా?"

"నిన్న జిమ్ములో బరువెక్కువైంది," అన్నాడు అతను. "సరే, ఆఫీసు కాదు. మరి యాడ కుట్టింది?"

గెలిచిన ఊపులో కస్తూరి నోరు జారింది. ఆ సంగతి ఆమెకు తెలియడానికి ఇంకా మూడు గంటలు పడుతుంది.

"అది గాల్లోంచి ఊడిపడే జబ్బు కాదు. ఎవరో ఒంట్లో పెట్టుకుని తెచ్చారు. ఆ మనిషిని కుట్టిన దోమే పదిరోజుల తర్వాత ఈరన్నను కుట్టింది. ఆ జాతి దోమ పుట్టిన చోటు నుంచి నూరు, రెండు నూర్ల గజాలు దాటి పోదు. అంటే ఈరన్న తిరిగే చోటనే, అతనికి కూతవేటు దూరంలో, బయటి దేశం నుంచి వచ్చిన మనిషి ఒకడు దాక్కుని ఉన్నాడు. సెప్టెంబరు రెండో వారం నుంచి. ఈ కేసులో అందరూ కంబోడియాలో ఉన్నాడనుకుంటున్న మనిషి."

మొదటిసారి సురేంద్ర దగ్గర ఎకసెక్కెం లేదు.

"ఎవరై ఉంటారంటారు?" అని మర్యాదగా అడిగాడు.

"రేపు పదిన్నరకు చెప్తాను."

అతను తల ఊపి, ఫోను తీస్తూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

*

"అక్కా, రేపు ఇడుస్తారా?" అంది సిద్దమ్మ.

"లోపల మీ ఆయన్ను నాలుగు మాటలడగనీ."

ఈరన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతుల మీద ఎర్రటి సన్న పొక్కులు అణగిపోతున్నాయి. కళ్ళలో ఇంకా ఎరుపు ఉంది. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ గడియారం చూపించి అయిదు వేళ్ళు ఎత్తాడు.

"ఈరన్నా, దోమలు నిన్ను యాడ కుడతాయి?"

"ఇదేం ప్రశ్న మేడం? కాళ్ళకు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పొద్దంతా కూసుంటాం గదా. చేతులాడతానే ఉంటాయి, తోలుకునేదానికి కుదరదు. ఒక పోగు తప్పితే చీర పాయె."

"పగలే కుడతాయా?"

"పగలే. రాత్రి యాడ కుట్టినా చంపుతాం. పగలైతే మేమే వాటికి బువ్వ."

"మగ్గం రామలింగయ్యది కదా. ఆ ఇంట్లో పోయిన నెలలో ఎవరికైనా జ్వరం వచ్చిందా? కొత్తవాళ్ళెవరైనా వచ్చినారా?"

"లేదే. రామలింగయ్య సామి, వాళ్ళమ్మ గంగాదేవవ్వ, ఇద్దురే. కొడుకు పృథ్వీ కంబోడియాలో ఉండాడు. మా తమ్ముణ్ని ఆ ఆశ పెట్టి పిలిచింది గూడా వాడే."

కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. కస్తూరి లేవబోతూ ఆఖరి ప్రశ్న వేసింది. దారి దొరకనప్పుడు వేసే ప్రశ్న.

"నెల కిందట ఆ ఇంట్లో మామూలుగా లేనిది ఏదైనా చూశావా? చిన్నదైనా సరే."

ఈరన్న ఆలోచించాడు.

"ఒకటుండాది గానీ, చెప్తే నగుతారు. మద్యాన్నం మాకు సంగటి, పప్పు వాళ్ళింట్లోంచే వస్తాది. అవ్వ చెయ్యి పెడితే పప్పు గుమగుమలాడతాది. ఒక అయిదారు దినాలు మాత్రం పప్పు సప్పిడి. తాలింపు లేదు. ఏందవ్వా అంటే, 'ఒక్కపొద్దులుండా, నూనె కాగబెట్టను' అనె."

కస్తూరి వెనక్కి తిరిగింది.

"ఏ దినాలు?"

"గ్రహణం పట్టె చూడు, దాని మర్సటి దినం నుంచి."

గ్రహణం సెప్టెంబరు ఏడు, ఆదివారం రాత్రి. కస్తూరి కారు తాళాలు చేతిలోకి తీసుకుంది. ఒక్కపొద్దున్న మనిషి తను తినడం మానుతుంది. పనివాళ్ళ పప్పులో తాలింపు మానదు. ఇంట్లో నూనె కాగకూడని రోజులు వేరే ఉన్నాయి.

*

ఒంటిగంటా యాభై అయిదుకు ఆమె ధర్మవరంలో రామలింగయ్య షెడ్డు ముందు చెప్పులు వదిలింది. మగ్గం ఉన్న చోటికి చెప్పులతో ఎవరూ రారు.

నాలుగు మగ్గాలు. మూడు ఆడుతున్నాయి. నాలుగోది ఈరన్నది, ఖాళీ. సగం నేసిన ఎర్రచీర మీద దుమ్ము పడకుండా ఎవరో పాత పంచె కప్పారు. మూలన కండెలు చుట్టే హేమావతి రాట్నం తిప్పడం ఆపి చూసింది.

కస్తూరి సంచిలోంచి మేజోళ్ళు తీసి వేసుకుని, సల్వారు అంచులు వాటిలోకి దోపుకుని, ఈరన్న కూర్చుని నేసే పలక మీద కూర్చుంది. కాళ్ళు గుంటలోకి దించింది. మోకాళ్ళ లోతు. అడుగున నేల చెమ్మగా, చల్లగా ఉంది. టార్చి వేసింది. మూడు నిమిషాలు కాలేదు, తెల్ల చారల కాళ్ళ దోమ ఒకటి లేచి మేజోడు మీద వాలింది. గాజు గొట్టం బోర్లించి పట్టుకుంది. తర్వాత ఇంకొకటి.

"అవి పట్టుకుని ఏం జేస్తావక్కా?" అంది హేమావతి.

"నీ చేతికి ఏమైందమ్మా?"

హేమావతి పైట లాక్కుని మోచేయి కప్పుకుంది. "పోయిన వారం దద్దుర్లు లేసినాయి. ఒళ్ళు నొప్పులు. ఇప్పుడు తగ్గినాయిలే."

"పెనుకొండ పోయినావా ఈ మధ్య?"

"పెనుకొండకా? నేను బత్తలపల్లి దాటి రెండేండ్లాయె."

అయితే సురేంద్ర కాగితం చిరిగిపోయినట్టే. దోమ ఈ షెడ్డుదే. కస్తూరి పెరట్లోకి నడిచింది. నల్లా నీళ్ళు వారానికోసారి వచ్చే వీధి. నిండిన తొట్టిని ఎవరూ ఒలకబోయరు. నాలుగడుగుల సిమెంటు తొట్టిలో టార్చి వేస్తే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కు దిగాయి. తొట్టికీ షెడ్డుకూ పన్నెండు అడుగులు. తొట్టికీ ఇంటి పెరటి గదికీ ఎనిమిది.

ఆ గది గుమ్మం పైన పసుపు దారం ఉంది. దారానికి ఆకులన్నీ రాలిపోయిన నాలుగు ఎండు పుల్లలు. కస్తూరి ఒకటి తుంచి నలిపి వాసన చూసింది. వేప.

అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెట్టరు. వేపమండలు వీధి గుమ్మానికి కడతారు, పరాయివాళ్ళు లోపలికి రాకూడదని తెలియాలి కాబట్టి. ఈ ఇంట్లో పెరటి గుమ్మానికి కట్టారు. తల్లి వచ్చిన సంగతి తల్లికి తప్ప ఎవరికీ తెలియకూడదు కాబట్టి.

"ఎవరమ్మా నువ్వు? మా పెరట్లో ఏం పని?"

రామలింగయ్య. అరవై ఏళ్ళ మనిషి. పంచె కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని గబగబా వచ్చాడు. ఆమె పేరు చెప్పగానే ముఖంలో రంగు మారింది.

"మీ అబ్బాయి పృథ్వీ యాడ?"

"కంబోడియాలో. జూన్‌లో పోయినాడు. పోలీసులకు గూడా చెప్పినా."

"ఎప్పుడు తిరిగొచ్చినాడు?"

"రాలేదంటాండా! కావాల్నంటే ఏర్‌పోర్టులో అడుగు. వచ్చింటే పాస్‌పోర్టు మీద ముద్ర ఉండదా?"

"నేపాల్ దాకా విమానంలో వచ్చి, ఆడ నుంచి బస్సెక్కితే ముద్ర ఉండదు."

రామలింగయ్య పంచె కుచ్చెళ్ళు వదిలేశాడు. అతని వెనక గుమ్మంలో ఒక ముసలామె వచ్చి నిలబడింది. వంగిన నడుము, నుదుట రూపాయంత బొట్టు. కస్తూరి అతన్ని వదిలేసింది. ఎండుపుల్ల అరచేతిలో పెట్టుకుని నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, నేను పోలీసును కాదు. ఒక్క మాట చెప్పు. తల్లి ఎవరి మీద ఆడింది?"

"అమ్మా, లోపలికి పో!" అన్నాడు రామలింగయ్య.

గంగాదేవవ్వ కదల్లేదు. పుల్లను చూసింది. కళ్ళకద్దుకుంది.

"పోలీసులొచ్చి అడిగినారు, పిల్లోడు రాలేదంటి. ఊరంతా అడిగినారు, రాలేదంటి. తల్లి పేరు పెట్టి నువ్వొక్కదానివే అడిగితివి పాపా. దీనికి అబద్ధం చెప్తే నా కండ్లు పోతాయి."

"అమ్మా!"

"నువ్వు నోరు మూసుకో రామలింగా. నీ మాట ఇని ఈరన్న ఉసురు పోసుకుంటిమి. ఆ సిద్దమ్మ నా కలలోకి వస్తాంది." ఆమె కస్తూరి వైపు తిరిగింది. "పృథ్వీ మీదనే. ఆడ గోడ దూకి పారిపోయి, నానా అగచాట్లు పడి వచ్చినాడు. వచ్చిన మూడోదినం, గ్రహణం మర్సటి పొద్దున లేస్తానే ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు. కండ్లు నిప్పులు. జరం మాత్రం పెద్దగా లేదు. డాక్టరు కాడికి పోతే నలుగురికీ తెలుస్తాది. తల్లే గదా, ఆమె జూసుకుంటాదని మండలు గడితి. అయిదో దినం యాపనీళ్ళు పోసినా. తల్లి సల్లగా ఎలబారిపాయ."

కస్తూరి మనసులో తేదీలు వరుసగా వచ్చి నిలబడ్డాయి. ఎనిమిదిన పొక్కులు. ఆ రోజుల్లో తొట్టి దోమ పృథ్వీని కుట్టింది. పది రోజులు దాని కడుపులో జబ్బు పండింది. ఇరవయ్యో తేదీ తర్వాత అది మగ్గం గుంటలో కాళ్ళు వెతుక్కుంది. ముప్పయ్యో తేదీ ఈరన్నకు జ్వరం. అంతా సరిపోయింది.

"అవ్వా, నీ మనవడికి వెంకటస్వామి మీద పగ ఉంది. ఇంట్లో ఉన్నట్టు ఎవరికీ తెలీదు. పదో తేదీ, బుధవారం మధ్యాహ్నం పెనుకొండకు పోయి ఆ ఏజెంటును—"

"ఏం మాటలే అవి!" ముసలామె గొంతు పెరట్లో మోగింది. "తల్లి ఇంట్లో ఉండంగా గడప దాటనిస్తానా? బుధారం అంటే మూడోదినం. అయిదు దినాలూ ఈ గడపకడ్డం పండుకుంటి. వాడు బయటికి పోవాల్నంటే నన్ను దాటిపోవాల. నన్ను దాటినా తల్లిని దాటతాడా?"

"అది నువ్వు చెప్పే మాట."

"నేను గూడా చెప్తానక్కా," అంది షెడ్డు గుమ్మంలోంచి హేమావతి. అంతవరకూ ఆమె అక్కడ నిలబడి వింటున్న సంగతి ఎవరూ చూడలేదు. "ఆ బుధారం మేం బువ్వ తినే యాల, అంటే ఒంటిగంట నుంచి రెండు దాకా, అవ్వ లోపల తల్లి పాట పాడతానే ఉన్నింది. నడుమ మొగ మనిషి గొంతు ఇనపడె. 'అవ్వా, గట్టిగా ఇసురు, దురదగా ఉండాది' అని. నేను రామలింగయ్య సామి అనుకుంటి. సామేమో ముందర మాతోనే కూసోనుండె."

కస్తూరి పొద్దుటి నుంచి కట్టుకుంటూ వచ్చిన గోడ కూలింది. పృథ్వీ హంతకుడు కాదు. ఒంటి మీది పొక్కులే అతనికి సాక్ష్యం.

"అయితే ఎందుకు దాక్కున్నాడు?" అని రామలింగయ్యను అడిగింది.

అతను తొట్టి అంచు మీద కూలబడ్డాడు.

"వచ్చిన దినమే వెంకటస్వామికి ఫోన్ చేసినాడమ్మా. 'నేను సాక్ష్యం చెప్తా, నువ్వు కూడా పోలీసులకాడికి వచ్చి పేర్లు చెప్పేయ్, ఆ పిల్లోల్లంతా బయటపడతారు' అన్నాడు. ఆయప్పకు కూడా భయం పట్టుకున్నింది. సరే, ఇంకొకాయన ఉండాడు, మనుషులను పోగుచేసేది ఆయనే, ఆయనతో ఒక మాట చెప్పి వస్తా అన్నాడంట. అయిదోదినానికి సచ్చిపోయె. ఆ ఇంకొకాయన ఎవరో పృథ్వీకి పేరు తెల్దు. పోయేముందర గొంతు మాత్రం ఫోన్లో ఇన్నాడు. వింటే గుర్తుపడతా అంట్యాడు. అందుకే దాచినా. తప్పే. ఈరన్నది తప్పు కాదని తెలిసీ నోరు మూసుకున్నా."

ఇంకొకాయన. ఫోను తెచ్చి గుంటలో పెట్టింది ఆయనే అయి ఉండాలి. సెప్టెంబరు ఇరవై అయిదు, మధ్యాహ్నం ఒంటిగంటా నలభై. నేతగాళ్ళు ముందరి వసారాలో సంగటి తింటున్న సమయం. పెరటి దోవన వచ్చి, ఈరన్న పలక మీద కూర్చుని, గుంటలోకి వంగి, చేతులు రెండూ లోపల పెట్టి...

కస్తూరి చేతిలోని గాజు గొట్టం వైపు చూసింది. తెల్ల చారల దోమ లోపల గోడకు కొట్టుకుంటోంది.

ఆ రోజు ఆ గుంటలో చేతులు పెట్టినవాణ్ణి ఇవి వదిలాయా?

ఇరవై అయిదుకు జబ్బు బయటపడే ఎనిమిది రోజులు కలిపితే అక్టోబరు మూడు. ఇవాళ ఏడు. ఇవాళ్టికి ఆ మనిషి ఒంటి మీద పొక్కులుంటాయి. చేతులు కప్పుకుని తిరుగుతాడు. కళ్ళు ఎర్రగా ఉంటాయి. వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి. నీళ్ళ సీసా మూత కూడా తిరగదు.

నల్ల కళ్ళద్దాలు. మణికట్ల దాకా గుండీలు. అద్దాల కింద చెంపల మీద పుసి లేదు, నీరు లేదు. కండ్లకలక అయితే అవి లేకుండా ఉండవు. రెండడుగుల దూరంలో నిలబడి చూసింది తను. చూసి, మూత తీసి చేతికిచ్చింది.

ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. దాక్కున్న మనిషి ఉన్నాడని, ఈరన్నకు కూతవేటు దూరంలోనే ఉన్నాడని అతనికి చెప్పింది ఎవరు?

"పృథ్వీ ఇప్పుడు యాడ?" ఆమె రామలింగయ్య వైపు తిరిగింది.

"బెంగుళూరులో మా బామ్మర్ది కాడికి పంపుతాండా," అన్నాడు రామలింగయ్య. "పొద్దున పదకొండుకే బయల్దేరినాడు. ఈ అమ్మ ఒకటే పట్టు. తల్లి మొక్కు తీర్చందే ఊరు దాటనీయనని. సోమందేపల్లి కాడ మా ఇంటి దేవత సుంకులమ్మ గుడి ఉండాది. బోరు కింద తానం జేసి, తడిబట్టల్తో మూడు సుట్లు తిరిగి, పెరుగన్నం పెట్టి, అట్నే బస్సెక్కుతాడు."

"తల్లి ఎవరి మీద ఆడితే వాళ్ళే రావాల. మంగళారమే తీర్చాల," అంది అవ్వ.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పినారా?"

రామలింగయ్య తల దించుకున్నాడు.

"మన సురేంద్రప్పకు. పన్నెండుకు ఫోన్ చేసినాడు. 'ఆ దోమల మేడం మీ పిల్లోడు వచ్చింది కనిపెట్టేసింది, హత్య వానిమీదికి తోస్తాంది, యాడుండాడో చెప్తే నేను భద్రంగా దాటిస్తా' అన్నాడు. పోలీసుల్లో పనిచేసినాయప్ప గదా, నమ్మితి."

రెండూ ముప్పయ్యయిదు. హిందూపురం నుంచి సోమందేపల్లికి అరగంట. అతను బయల్దేరి రెండున్నర గంటలైంది. తనేమో పన్నెండూ ముప్పావుకు ఆ గుడి ముందు నుంచే కారు ఆపకుండా వచ్చింది. ఇప్పుడు మధ్యలో గంట ప్రయాణం.

"నంబరు చెప్పండి. పృథ్వీ నంబరు!"

రామలింగయ్య చెప్పాడు. ఆమె నొక్కింది. ఒకసారి మోగింది. రెండుసార్లు. మూడోసారి ఎత్తారు. లారీల హోరు వినిపించింది. దాని వెనక ఎవరిదో వగర్పు.

"పృథ్వీ! నేను చెప్పేది విను. నీ దగ్గరికి నల్ల కళ్ళద్దాల మనిషి—"

"ఆ కళ్ళద్దాలు తీసేసినా మేడం," అన్నాడు సురేంద్ర. "ఇంక దాచేదానికి ఏముండాది?"

కస్తూరి ఫోను గట్టిగా పట్టుకుంది.

"పృథ్వీకివ్వు ఫోను."

"పాపం, తడిబట్టల్లో వణుకుతాండాడు. మూడో సుట్టులో ఉంటే పిలిచినా. నా గొంతు ఇంటానే నిలబడిపాయ. గుర్తుపట్టినాడు."

"నీ చొక్కా చేతులు మడిచి చూసుకో సురేంద్రా. నీకు ఏ పనీ లేని షెడ్డులో, ఇరవై అయిదో తేదీ, ఈరన్న గుంటలో చేతులు పెట్టావని నీ రక్తంలోనే రాసుంది. ఇంకో రెండు నెలలు ఎన్ని నీళ్ళు పోసుకున్నా అది పోదు."

అవతల చిన్న నవ్వు.

"దోమ కోర్టుకు రాదు మేడం. వచ్చేటోడు నా బండిలో ఉండాడు. వీడుండే సంగతి నాకు చెప్పింది మీరే, అది మాత్రం మర్చిపోవద్దండి."

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేసింది. స్విచాఫ్.

షెడ్డులో మూడు మగ్గాలూ ఆగిపోయాయి. గంగాదేవవ్వ గుమ్మం పట్టుకుని, ఆశగా, ఆమె ముఖంలోకే చూస్తోంది.

"ఏమంట్యాడు పాపా? మొక్కు తీరిందంటనా?"

కస్తూరికి ఆ కళ్ళలోకి చూసే ధైర్యం లేకపోయింది. ఒక చేత్తో పెనుకొండ ఎస్సై నంబరు నొక్కుతూ, రెండో చేతిలో దోమల గొట్టం పిడికిట్లో బిగించుకుని, చెప్పులు అక్కడే వదిలేసి కారు వైపు పరిగెత్తింది.